కేస్ స్టడీ: పిస్టల్ మార్చాలా, గ్రిప్ మార్చాలా? ఒక 10 మీటర్ల షూటర్‌తో ఐదు వారాలు

"మేడమ్, గిది అమ్మేసి వేరేది తీస్కుందామా, మీరు ఏది చెప్తే అది" అని నా దగ్గర ఎయిర్ పిస్టల్ నేర్చుకునే ఒక అమ్మాయి నాన్న తన కూతురి పిస్టల్ గురించి అడిగిన రోజు నా దగ్గర సమాధానం ఉందనే అనుకున్నాను. అమ్మేయండి అని చెప్పేశాను కూడా. అది తప్పని తేలడానికి రెండు వారాలు పట్టింది. పిల్ల పేరు, ఊరు రాయట్లేదు, వాళ్ళని అడిగే మిగతాదంతా రాస్తున్నాను, ఎందుకంటే హైదరాబాద్‌లో ఎయిర్ పిస్టల్ నేర్పడం మొదలుపెట్టినప్పట్నుంచి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, "ఈ పిస్టల్ నాకు సెట్ అవుతుందా?" అని.

అమ్మాయికి 17 ఏళ్ళు, ఎత్తు 154 సెంటీమీటర్లు, కుడిచేతి వాటం. మణికట్టు గీత నుంచి మధ్యవేలు చివరిదాకా కొలిస్తే పదహారున్నర సెంటీమీటర్లు, అంటే చిన్న చెయ్యే. రెండేళ్ళుగా షూట్ చేస్తోంది, మొదటి ఏడాదంతా వేరే చోట క్లబ్ పిస్టల్‌తో. తర్వాత వాళ్ళ నాన్న ఒక సీనియర్ షూటర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో మోరీనీ సీఎం 162 ఈఐ కొన్నాడు, రెండు లక్షల దగ్గర పెట్టి. పిస్టల్ కండిషన్ బాగుంది, గాలి నింపే సిలిండర్ డేట్ కూడా చాలా ఉంది (ఈ సిలిండర్లు తయారైన పదేళ్ళకి వాడకూడదు, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ముందు ఆ డేటే చూడండి). గ్రిప్ (చేత్తో పట్టుకునే కట్టె పిడి) మాత్రం మీడియం సైజు. అమ్మినాయన చెయ్యి మీడియం, అంతే కారణం. కొనేముందు ఆ పిల్ల చేతికి ఇచ్చి ఒక్క పది షాట్లు కూడా కొట్టించలేదు, "ఇంటర్నేషనల్ షూటర్లు వాడేది" అన్నారు, కొనేశారు.

వాళ్ళ నాన్నని తప్పు పట్టను. ఈషా సింగ్ మన హైదరాబాద్ అమ్మాయి, హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో నాలుగు మెడల్స్ తెచ్చింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది, ఆ తర్వాత పిల్లల్ని రేంజ్‌కి తీసుకొచ్చే తల్లిదండ్రులు అడిగే మొదటి మాట వాళ్ళు ఏ పిస్టల్ వాడతారు అని. చెప్పులు కొనేటప్పుడు కూడా కాలు పెట్టి చూసుకుంటాం కదా, పిస్టల్ దగ్గరికొచ్చేసరికి ఎవరి కాలికో సరిపోయిన సైజు కొంటున్నాం.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ఒంటి చేత్తో నిలబడి 60 షాట్లు, 75 నిమిషాలు, దానికి ముందు 15 నిమిషాలు ప్రిపరేషన్, సైటింగ్ (లెక్కలోకి రాని ట్రయల్ షాట్లు, వాటినే సైటర్లు అంటాం). టార్గెట్ నడిమధ్యన పది పాయింట్లిచ్చే రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. పిస్టల్ బరువు 1500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ లాగడానికి పట్టే బరువు 500 గ్రాములకి తగ్గకూడదు, మామూలుగా మ్యాచ్ పిస్టల్స్ అన్నీ కిలోకి అటూ ఇటూ ఉంటాయి. పెల్లెట్ (చిన్న గుండు) అర గ్రాము, బ్యారెల్ నుంచి సెకనుకి 150 మీటర్ల స్పీడుతో బయటికొస్తుంది, అంటే అది బ్యారెల్‌లో ఉన్న ఆ కాస్త సమయంలో మణికట్టు కదిలినా టార్గెట్ మీద కనిపిస్తుంది. అదీకాక 60 అంటాం గానీ సైటర్లు, కొట్టకుండా దించేసినవి కలుపుకుంటే చెయ్యి వందసార్లకి పైనే లేస్తుంది. మొదటి పదిలో బాగున్న పిస్టల్ ఎనభయ్యోసారి ఎత్తినప్పుడు కూడా బాగుండాలి. షాపులో చేతిలోకి తీసుకుని "ఆహా భలే ఉంది" అనిపించేది ఈ ఎనభయ్యోసారి గురించి ఏమీ చెప్పదు.

మొదటి వారం నేను పిస్టల్ జోలికే వెళ్ళలేదు, కన్ను చూశాను. చెయ్యి కుడిది, బలమైన కన్ను ఎడమది. రెండు చేతులూ ముందుకి చాపి అరచేతుల మధ్య చిన్న సందు పెట్టి, దూరంగా ఉన్న గోడ గడియారాన్ని ఆ సందులోంచి చూడమని, ఒక్కో కన్నూ మూసి చూపిస్తే క్షణంలో తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ ఎడమ కన్ను గట్టిగా మూసుకుని కొడుతోంది పాపం, నలభయ్యో షాట్ వచ్చేసరికి బుగ్గ, దవడ అంతా బిగిసిపోయేది, ఆ బిగువు మెడలోంచి భుజంలోకి దిగేది. కళ్ళద్దాలకి బ్లైండర్ పెట్టించాను, రూల్ ప్రకారం 30 మిల్లీమీటర్ల వెడల్పు దాటకూడదు, తెల్లటి ప్లాస్టిక్ ముక్క చాలు. ఇప్పుడు రెండు కళ్ళూ తెరిచే ఉంటాయి, ఎడమ కంటికి టార్గెట్ కనబడదు. పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్ళద్దాలతో, రెండు కళ్ళూ తెరిచి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రజతం గెలిచిన ఫోటో చూసి ఈ బ్లైండర్లన్నీ ఎందుకు అని చాలామంది పిల్లలు అడిగారు, అది ఆయనకి కుదిరిన పద్ధతి, కన్నూ చెయ్యీ ఒకే వైపు లేనివాళ్ళకి బ్లైండర్ చాలా పెద్ద సాయం.

ఇదంతా అయ్యాకే బేస్‌లైన్, అంటే తర్వాత పోల్చుకోడానికి మొదటి స్కోర్లు, తీసుకున్నాను. నాలుగు ఫుల్ మ్యాచ్‌లు: 537, 541, 539, 543. సగటు 540. మొదటి మ్యాచ్ సిరీస్‌లు (పది షాట్లకో సిరీస్) చూడండి, 93, 92, 91, 88, 87, 86. మెట్లు దిగినట్టు దిగిపోతోంది. మొదటి మూడు సిరీస్‌లు కొట్టిన పిల్లకి ఆట వచ్చు, ఆ తర్వాత ఏదో అరుగుతోంది. పైగా షాట్లు పైకీ కిందకీ కాదు, అడ్డంగా పరుచుకుంటున్నాయి, కుడికీ ఎడమకీ.

సరిగ్గా ఆ వారమే ఆమె నాతో ఒక మాట అంది, "మేడమ్, ఇది ఎప్పుడు పేలుతుందో నాకు తెలియట్లేదు, క్లబ్ పిస్టల్‌లో తెలిసేది" అని. మోరీనీ 162 ఈఐది ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్, లోపల స్విచ్, బ్యాటరీతో పనిచేస్తుంది, లాగడం చాలా శుభ్రంగా ఉంటుంది, మెకానికల్ దానిలో దొరికే ఆ చిన్న గరగర కొంతమందికి కావాలి, ఇందులో దొరకదు. వాళ్ళ నాన్నకేమో టోక్యో ఒలింపిక్స్ భయం, 2021లో క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించి నిమిషాలకి నిమిషాలు పోయి 575తో ఫైనల్‌కి దూరమైంది కదా, "ఎలక్ట్రానిక్ అంటేనే నాకు నమ్మకం లేదు మేడమ్" అన్నాడు. నేనూ వాళ్ళ మాటతో కలిశాను. రేంజ్‌లో ఉన్న స్టెయిర్ ఎల్‌పీ10 అనే పిస్టల్ ఇచ్చి ఫుల్ మ్యాచ్ కొట్టించాను, మెకానికల్ ట్రిగ్గర్, రీకాయిల్ (పేలినప్పుడు వచ్చే కుదుపు) మింగేసే అబ్జార్బర్ కూడా ఉంటుంది. 549. ఒక్కరోజులో తొమ్మిది పాయింట్లు. ఆ సాయంత్రమే అమ్మేయండి అని చెప్పాను.

ఒక్క రోజు స్కోరు చూసి అలా చెప్పకూడదు, కొత్త పిస్టల్ చేతికొచ్చిన ఉత్సాహంలో ఎవరైనా కొడతారు. రాత్రి డైరీ రాసుకుంటుంటే నాకే మింగుడుపడలేదు. మర్నాడు వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి నాలుగు రోజులు ఆగండి, ఎవరికీ మాటివ్వకండి అన్నాను.

ఆ నాలుగు రోజుల టెస్ట్ ఇలా పెట్టాను, ఎవరైనా చేసుకోవచ్చు, ఖర్చు పెల్లెట్లు మాత్రమే. రోజుకి 40 షాట్లు, ఒకే డబ్బాలోని పెల్లెట్లు. పది మోరీనీతో, పది స్టెయిర్‌తో, మళ్ళీ పది స్టెయిర్‌తో, చివరి పది మోరీనీతో. రెండోరోజు తిరగేసి స్టెయిర్‌తో మొదలు. ఇలా ఎందుకంటే అలసట రెండు పిస్టల్స్‌కీ సమానంగా పంచబడాలి. స్కోరు చూపించే మానిటర్ ఆమెకి కనబడకుండా తిప్పేశాను, స్కోరు చెప్పలేదు, నేనే రాసుకున్నాను, ఎందుకంటే పది చూడగానే చేతిలో ఉన్న పిస్టల్ మీద ప్రేమ పుట్టుకొస్తుంది, ఏడు చూస్తే కోపం. ప్రతి పది షాట్లకీ ఒక్క ప్రశ్న: ఎక్కడ నొప్పి, ఎక్కడ బిగువు? ఎలా ఉంది అని అడగలేదు, అలా అడిగితే బాగుంది మేడమ్ అనే అంటారు పిల్లలు.

ఒక్కో పిస్టల్‌కి 80 షాట్లు. మోరీనీ 714, స్టెయిర్ 728. సరే, నేను చెప్పిందే నిజం అనిపించింది. కానీ ఆమె చెప్పిన జవాబులు చదువుతుంటే మోరీనీ అన్నప్పుడల్లా ఒకటే మాట, "బొటనవేలు మొదట్లో నొప్పి", "మణికట్టు లోపలివైపు లాగుతోంది". ట్రిగ్గర్ మాట ఒక్కసారి కూడా రాలేదు. అప్పుడు తట్టింది, మా స్టెయిర్‌కి ఉన్నది స్మాల్ గ్రిప్. అంటే నేను నాలుగు రోజులూ పోల్చింది రెండు పిస్టల్స్‌ని కాదు, రెండు గ్రిప్‌లని. ఇన్నేళ్ళు నేర్పిస్తూ ఇంత మామూలు విషయం ఎలా వదిలేశానో అని చాలా బాధేసింది, ఎందుకంటే ఆయన అప్పటికే ఒకరితో బేరం మాట్లాడుకున్నాడు.

కళ్ళు మూసుకుని ఎత్తే పరీక్ష చేయించాను, ఇది అన్నిటికంటే ముందు చేయాల్సింది. స్టాన్స్‌లో నిలబడి, పిస్టల్ సరిగ్గా పట్టుకుని, కళ్ళు మూసుకుని మామూలుగా ఎత్తాలి, రెండు శ్వాసలు ఆగి కళ్ళు తెరిచి ఏమీ సర్దకుండా సైట్ చూడాలి. గ్రిప్ చేతికి కుదిరితే ఫ్రంట్ సైట్ (బ్యారెల్ ముందు కొసన గురిచూసే ముక్క) కంటివైపున్న వెనక సైట్ గాడికి నడిమధ్యలో ఉంటుంది. ఈమెకి పదికి తొమ్మిదిసార్లు గాడిలో కుడివైపు అంచుకి ఆనుకుని ఉంది. కారణం ఇదీ: గ్రిప్ లావు, వేళ్ళు పొట్టి, ట్రిగ్గర్ అందాలంటే అరచెయ్యి కట్టె చుట్టూ ఇంకాస్త తిరగాలి, చెయ్యి తిరిగేసరికి బ్యారెల్ ముంజేతికి వరసలో లేకుండా కుడికి పోతుంది, దాన్ని మళ్ళీ మధ్యకి తేవడానికి ఆమె ప్రతి షాట్‌కీ మణికట్టుని లోపలికి వంచి పట్టుకుంటోంది. ముప్పై షాట్ల వరకూ కండ ఆ పని చేస్తుంది. ఆ తర్వాత వదిలేస్తుంది, ఒకసారి ఎక్కువ వంచుతుంది, ఒకసారి తక్కువ, షాట్లు అడ్డంగా పరుచుకుంటాయి. వేలు కొసతో ట్రిగ్గర్‌ని గిల్లుతోంది కాబట్టి ఎప్పుడు పేలుతుందో తెలియదు కూడా. నిందేమో ఎలక్ట్రానిక్ స్విచ్ మీద వేశాం అందరం కలిసి.

అదే మోడల్ వాడే ఇంకో షూటర్‌ని బతిమాలి స్మాల్ గ్రిప్ అప్పు తెచ్చి బిగించాను. అదే నాలుగు రోజుల టెస్ట్ మళ్ళీ. మోరీనీ 727, స్టెయిర్ 729. ఎనభై షాట్లకి రెండు పాయింట్లు, అది తేడా కాదు, గాలి. బేరం ఆపించాను. వాళ్ళ నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే రెండు లక్షలు మిగిల్నయ్ అంటరా మేడమ్" అన్నాడు. కొత్త గ్రిప్‌కి పిస్టల్ ధరలో పదో వంతు దగ్గర అవుతుంది, అంతే.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. సొంత స్మాల్ గ్రిప్ వచ్చాక కొట్టిన మొదటి ఫుల్ మ్యాచ్ 545, సిరీస్‌లు 93, 92, 92, 91, 89, 88. అడ్డం పరుచుకోవడం పోయింది, కానీ చివరి రెండు సిరీస్‌ల్లో ఎడమ కింద మూలన ఒక గుత్తి. కుడిచేతి షూటర్‌కి ఎడమ కింద అనగానే ట్రిగ్గర్ గుంజింది అనేస్తాం, సగంసార్లు నిజమే. ఈసారి తొందరపడలేదు. ఆమె అరచేతికి, వేళ్ళకి సుద్దపొడి రాసి గ్రిప్ పట్టుకోమన్నాను. వాల్‌నట్ కట్టె మీద తెల్లటి అచ్చు పడింది, అరచేతి బోదె బాగా ఆనింది, మూడు వేళ్ళ నడిమి కణుపులు బాగా ఆనాయి, చూపుడువేలు మొదటి కణుపు పక్కన కూడా తెల్ల మచ్చ. అక్కడ మచ్చ ఉండకూడదు. చూపుడువేలు ట్రిగ్గర్‌ని తప్ప దేన్నీ తాకకూడదు. తాజాగా ఉన్నప్పుడు వేలిని ఎత్తి పెడుతోంది, అలిసినప్పుడు వేలు కట్టె మీద వాలుతోంది, లాగినప్పుడు కట్టెని ఎడమకి తోస్తోంది.

ఆకురాయితో ఆ చోట రెండు మిల్లీమీటర్లు తీశాను, ఒకేసారి కాదు, మూడు రోజుల్లో, రోజూ కొంచెం, సాండ్ పేపర్ వేసి, మళ్ళీ సుద్దపొడి రాసి చూస్తూ. కట్టె తీస్తే తీసిందే, అందుకే భయం భయంగా చేయాలి ఈ పని. బొటనవేలి మొదట్లో ఖాళీ ఉన్నచోట ఎంసీల్ పెట్టి, ఆరకముందే ఆమె చేత పట్టించి అచ్చు తీసుకున్నాను. అరచెయ్యి ఆనే కింది పలకని బిగించేశారు అంతకుముందు, చేతిని నొక్కేలా, దాన్ని ఒక కాగితం దూరేంత వదులు చేశాను (ఆ పలక కోణం 90 డిగ్రీలకి తగ్గితే ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో (పోటీలో పరికరాల తనిఖీ) ఒప్పుకోరు, మార్పులు చేసేవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి). ట్రిగ్గర్ బ్లేడ్‌ని పట్టాలమీద వెనక్కి జరిపాను, మొదటి కణుపు మెత్తటి భాగం మధ్యలో ఆనేలా.

ఇక ఇష్టాల సంగతి. గ్రిప్ కుదిరాక మాత్రమే ఈ ప్రశ్నలకి అర్థం ఉంటుంది, అంతకుముందు అడిగితే షూటర్ చెప్పేది నొప్పి గురించే. ట్రిగ్గర్ బరువు రెండు దశల్లో ఎలా పంచాలి అన్నది పూర్తిగా మనిషి స్వభావం. ఈమెకి మొదటి దశ బరువుగా, రెండో దశ తేలిగ్గా కావాలి, 380, 140 పెట్టాను, మొత్తం 520, ఆ ఇరవై గ్రాములు ఎక్కువ ఎందుకంటే మ్యాచ్ రోజు తూకం వేసేటప్పుడు గుండె దడ ఉండకూడదు. అదే రేంజ్‌లో ఇంకో అబ్బాయికి దీనికి పూర్తిగా తిరగేసి కావాలి, మొదటి దశ ఉందా లేదా అన్నట్టు, తర్వాత గోడలా గట్టిగా. ఇద్దరూ కరెక్టే. ఫ్రంట్ సైట్ కొంచెం సన్నది వేశాను, గాడిలో దానికి రెండు పక్కలా వెలుతురు సరిపోవట్లేదు. బ్యారెల్ కింద ముందున్న ఓనర్ తగిలించిన చిన్న వెయిట్ తీసేయించాను, ముందు బరువు ఉంటే ట్రిగ్గర్ తప్పులు కొంచెం కప్పుకుంటాయి నిజమే, కానీ ఆ ఎనభయ్యో ఎత్తు దగ్గర భుజం ఒప్పుకోదు ఈ అమ్మాయికి.

అబ్జార్బర్ గురించి మాత్రం నేను అనుకున్నదానికి వ్యతిరేకంగా చెప్పింది. స్టెయిర్‌లో షాట్ పేలినా సైట్ దాదాపు కదలదు, హాయిగా ఉంటుంది, అదే ఇష్టపడుతుంది అనుకున్నాను. ఆమె అన్నది, "మేడమ్, నా దాంట్లో పేలినప్పుడు సైట్ కొంచెం లేచి మళ్ళీ అక్కడికే వస్తుంది, వస్తే షాట్ మంచిదని నాకు మానిటర్ చూడకుండానే తెలుస్తుంది" అని. అది విన్నాక ఇక పిస్టల్ మార్చే మాట మేం ఎత్తలేదు. ఫాలో త్రూని (షాట్ పేలాక కూడా గురిని అలాగే పట్టి ఉంచడం) తన చేత్తో తానే చదువుకోగలిగే షూటర్‌కి ఆ చిన్న కదలిక ఒక టీచర్ లాంటిది, దాన్ని తీసేసి హాయి ఇవ్వడం నాకిష్టం లేదు.

ఐదో వారంలో ఆరు ఫుల్ మ్యాచ్‌లు: 551, 549, 554, 556, 550, 552. సగటు 552. చివరి మ్యాచ్ సిరీస్‌లు 93, 92, 92, 92, 91, 92. నాకు మొత్తం స్కోరు కంటే ఆ చివరి 92 చూసి ఎక్కువ సంతోషం వేసింది. పన్నెండు పాయింట్లలో గ్రిప్ ఎంత, ఐదు వారాల ప్రాక్టీస్ ఎంత అని ఎవరైనా అడిగితే విడదీసి చెప్పలేను, కానీ మెట్లు దిగడం ఆగింది గ్రిప్ వల్లే అని సుద్దపొడి, కళ్ళు మూసిన పరీక్ష రెండూ చెప్తున్నాయి, ఇప్పుడు పదికి ఎనిమిదిసార్లు సైట్ మధ్యలోనే ఉంటోంది.

ప్రతిసారీ ఇలాగే తేలుతుందనుకోవద్దు. పైన చెప్పిన ఆ అబ్బాయి కేసులో గ్రిప్ సరిచేశాం, ట్రిగ్గర్ సరిచేశాం, అదే నాలుగు రోజుల టెస్ట్ పెడితే రెండుసార్లూ పాత పిస్టల్ పది పాయింట్లకి పైనే వెనకబడింది, చేతులు పొడుగు, అతనికి ముందు బరువున్న పొడుగు పిస్టల్ కావాలి, మార్చేయమన్నాను, మార్చాడు. అక్కడ నిజంగా పిస్టలే కుదరలేదు. గ్రిప్‌ని పక్కకి తీశాక కూడా మిగిలే తేడానే పిస్టల్ తేడా.

వచ్చే నెల నుంచి ఈ అమ్మాయికి 25 మీటర్లు మొదలుపెడుతున్నాం, .22 స్పోర్ట్ పిస్టల్, ముందు క్లబ్ గన్‌తో. ట్రిగ్గర్ 1000 గ్రాములు, ర్యాపిడ్‌లో టార్గెట్ మూడే సెకన్లు కనిపిస్తుంది, ఆ మూడు సెకన్లలో చెయ్యి కిందనుంచి లేచి సైట్ మధ్యలోకి వచ్చి షాట్ పోవాలి, సర్దుకునే టైమ్ ఉండదు. వాళ్ళ నాన్న అప్పుడే ఒక గన్ ఫోటో పంపించి ఇది మంచిదేనా అని అడిగాడు. గ్రిప్ ఏ సైజో కనుక్కోండి, పిల్లని తీసుకెళ్ళండి, వెళ్ళేటప్పుడు సుద్దపొడి పట్టుకెళ్ళండి అని చెప్పాను.